జోడు కుదిరిన పిడి

గోదావరిఖని,
20-9-1994

అక్క సమ్మవ్వకు తమ్ముడు రాయమల్లు రాసేది.

లస్మవ్వకు మోకాళ్ల నొప్పి, నాకు నిలబడి నిలబడి పిక్కల నొప్పి. మిగతాదంతా క్షేమం. ఈరోజు మంగళవారం కదా, షాపు బంద్. అందుకే కాగితం ముందేసుకున్నాను.

ఈ ఉత్తరం కరీం భాయి తెస్తున్నాడు. మా షాపు పక్కన లారీలు బాగుచేస్తాడు. ఆయన చెల్లెలు బెల్లంపల్లిలోనే ఉంది, నెలకోసారి అటు వస్తాడు. ఉత్తరంతో పాటు బనీను గుడ్డలో చుట్టిన పొట్లం ఇస్తాడు. కంగారు పడకు, అందులో ఉన్నది బాపు కత్తి. పిడి పగిలింది.

టీవీలో నెత్తురుతో అంటుకునే ఆ కొత్త జబ్బు గురించి చెప్పినప్పటి నుంచి గిరాకీలంతా "రాయమల్లన్నా, కొత్త బ్లేడు ఏసినవా?" అని అడిగాకే గడ్డం పైకెత్తుతున్నారు. సగం బ్లేడు విరిచి పెట్టే రేకు కత్తి తెచ్చాను. బాపు పెద్ద కత్తి ఇప్పుడు ఇంటివాళ్లకే. నేను గీసుకుంటాను, కొడుక్కి గీస్తాను, బావ వచ్చినప్పుడు బావకు గీస్తాను. మిగతా రోజులు ట్రంకులో ఉంటుంది. మొన్నటి ఎండలకు ట్రంకు పెనంలా కాగినట్టుంది. తీసి చూస్తే ఇత్తడి చీల దగ్గర నుంచి పిడి కొమ్ము వేలెడు పొడవున చీలింది.

మాఘంలో మనవడికి పుట్టెంట్రుకలు. మేనమామ కత్తెర పెట్టాక మన ఇంట్లో పెద్ద కత్తితోనే గీయాలి. నా తల మీద తాత దాంతోనే గీశాడు, నా కొడుకు తల మీద బాపు గీశాడు. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి అది పగిలింది. బావ వాళ్ల నాన్న కొమ్ము దువ్వెనలు కోసిన మనిషి. బావ వర్క్‌షాపులో ఫిట్టరు పని దిగిపోయినా ఆ చేతులు ఊరుకోవని నాకు తెలుసు. ఎట్లాగైనా బాగుచేయించు.

ఆ కత్తి కోసం నేను వదులుకున్నది నీకు కొత్తగా చెప్పాలా? అరవై తొమ్మిదిలో బొగ్గు బాయిలో మనుషులను తీసుకుంటుంటే, బాపు దగ్గర రోజూ గడ్డం గీయించుకునే ఓవర్‌మన్ నన్ను పంపమన్నాడు. నేను ఇస్త్రీ అంగీ తొడుక్కుని నిలబడ్డాను. బాపు ఈ కత్తి నా చేతిలో పెట్టాడు. "కత్తి ఒక్కటే, కొడుకు ఒక్కడే. నువ్వు బొగ్గులకు దిగుతె దీన్ని ఎవలు వడుతరు బిడ్డా?" అన్నాడు. అంగీ విప్పేశాను. నా ఈడువాళ్లంతా ఇప్పుడు క్వార్టర్లలో ఉన్నారు, నేను రేకుల షెడ్డులో ఉన్నాను. అయినా ఒక్కనాడు కూడా బాధపడలేదు. ఆదివారం మనకు గిరాకీ తొక్కుకుంటూ వచ్చే రోజు కదా, ఆ రోజే బాపు షాపు నాకు వదిలి పొద్దున్నే ప్యాసింజరెక్కి మందమర్రి బంగళాల్లో దొరలకు గీయడానికి పోయేవాడు. మీసం సరిగా రాని నన్ను అంత నమ్మాడు.

చుట్ట నిప్పుతో నేను ఆ పిడికి మచ్చ పెట్టి దెబ్బలు తిన్న సంగతి నీకు గుర్తుందా? గంజి మెతుకంత మచ్చ. బాపు తర్వాత గీకేసినట్టున్నాడు, ఇప్పుడు ఎంత వెతికినా కనిపించదు.

బావకు దండాలు చెప్పు. పొట్లం విప్పేటప్పుడు వేళ్లు జాగ్రత్త, దాని అంచు ఇంకా నిద్రపోలేదు.

నీ తమ్ముడు
రాయమల్లు


బెల్లంపల్లి,
3-10-1994

తమ్మునికి, మరదలికి, తలుచుకుంటేనే ముద్దొస్తున్న మనవడికి దీవెనలు.

అంచు నిద్రపోలేదన్నావు. నిజమే, మీ బావ బొటనవేలికి కట్టు కట్టాను. కట్టుతోనే కూర్చుని ఆకురాయితో చీలల తలలు అరగదీసి, మెల్లగా పొడిచి బయటికి తీశాడు. పిడి రెండు బద్దలుగా విడిపోయింది. అప్పటి నుంచి నాకు ఒకటే తిట్లు. నువ్వు దొరకవు కదా, నేను దొరికాను.

"ఎవడు వోసిండే దీనికి గింత నూనె? గిది పిడా, తొక్కు జాడీనా?" అంటాడు. మీ ఇంటివాళ్లకు దేనికైనా నూనె పెట్టడమే తెలుసట. నూనె తాగిన కొమ్ముకు జిగురు అంటదట. అందుకని బట్టల సోడా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, మళ్లీ నానబెడుతున్నాడు. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అన్నాను. "కొమ్మంటె గోరసొంటిదే. తడికి ఉబ్బుతది, ఎండకు ఇచ్చుకుంటది. పసిపోరని లెక్క నీడపట్టున ఉంచాలె" అన్నాడు. మన పిల్లలను ఏనాడూ ఇంత జాగ్రత్తగా చూడలేదు.

చిన్నమ్మ పోయిన సంగతి కార్డు వేశాను, అందింది కదా? మంగళవారం చేరేటట్టు లెక్కేసి వేశాను. మనల్ని కన్న అవ్వ నేర్పిన పద్ధతి, ఎట్లా తప్పుతాను? "చేతుల కత్తి ఉన్నోనికి చెడ్డ కబురు చెప్పొద్దు" అనేది. బాపు దవాఖానలో పోయిన నాడు కూడా కబురు తెచ్చిన మనిషి, నువ్వు గిరాకీ గడ్డం పూర్తి చేసి కత్తి మూసేదాకా షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

బాపు ముచ్చట్లు రాశావు. చదివాను. పాతవన్నీ ఎందుకు తవ్వుతావు, బొగ్గా ఏమన్నానా?

మరదలిని మోకాళ్లకు వావిలాకు కాపడం పెట్టుకోమను.

అక్క
సమ్మవ్వ


గోదావరిఖని,
25-10-1994

అక్కా,

కార్డు కాబట్టి రెండే మాటలు. దసరాకు పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. పెద్ద కత్తి పెట్టే చోటు ఖాళీగా ఉంది. లస్మవ్వ అక్కడ ఒక పువ్వు పెట్టింది. నెల దాటింది, బావ దగ్గర నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. మనవడి తొట్టెల నాడు అందరికీ కల్లు పోసి ఆయన దగ్గరికి వచ్చేసరికి కుండ అడుగంటింది. అది మనసులో పెట్టుకుని నా కత్తి మీద పగ తీర్చుకుంటున్నాడా? ఈసారి ఆయనకు ఒక్కడికే ఒక కుండ పెడతానని చెప్పు.

రాయమల్లు


బెల్లంపల్లి,
14-11-1994

రాయమల్లూ,

నీ కార్డు చదివితే మీ బావ పడీ పడీ నవ్వాడు. కుండ మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాడు, మర్చిపోకు.

పగ కాదురా, పని తెగలేదు. పగిలిన బద్ద అంచునే ఆకురాయితో రాకి కొమ్ము పొడి తీశాడు. రెండు ట్యూబుల జిగురు కలిపి, అందులో ఆ పొడి వేసి, గుండు సూదితో చీలిక లోపలికి పట్టించాడు. దారం చుట్టి నా బట్టల క్లిప్పులన్నీ దానికే బిగించాడు. మూడోనాడు విప్పి ఎమిరీ కాగితంతో రుద్ది, బూడిద పెట్టి మెరుగు తెచ్చాడు. పగులు ఎక్కడుందో నేనే వెతుక్కున్నాను. కానీ కొత్త చీల పెట్టి సుత్తితో తట్టేసరికి టిక్కుమని మళ్లీ అక్కడే విచ్చుకుంది. మెల్లగానే తట్టాడు, నేను చూశాను. మీ బావ సుత్తి వాకిట్లోకి విసిరేసి అన్నం తినకుండా పడుకున్నాడు.

తెల్లారి రెండు బద్దలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. అప్పుడు అన్న మాట నీకు రాయాలా వద్దా అని ఆగాను. దాచితే ఆయనే ఎవరితోనైనా రాయిస్తాడు.

"గివి రెండు ఒక్క కొమ్ముల పుట్టినయి కావే. కందిగింజను ఇసుర్రాయిల ఏస్తె రెండు బద్దలైతయి సూడు, జోడంటె గట్లుండాలె. గిదేమో ముదురు దున్నకొమ్ము. గిదేమో లేతది, ఏ లేగ కొమ్మో. ఎన్నిసార్లు అతికినా గిది చీలకు ఆగది. జోడు బద్ద దొరుకుతెనే పని."

ఎవరో ఎప్పుడో మార్చి ఉంటారు. జోడు కోసం వెతుకుతానని బయలుదేరుతున్నాడు. నేను వద్దంటున్నాను, వినడం లేదు. ఆ బద్దనే ఎట్లాగో ఒకట్లా అతికించి పంపమని నువ్వు ఒక్క ముక్క రాయి. నీ మాటైతే వింటాడు. పిల్లవాడికి ఒక్కసారి గీయడానికి ఆ మాత్రం ఆగదా?

సమ్మవ్వ


గోదావరిఖని,
22-11-1994

అక్కా, దండాలు.

నీ ఉత్తరం చదివి ముందు బావ మీద కోపం వచ్చింది. బాపు పిడికి జోడు లేదంటాడా, ఆయనకు చత్వారం వచ్చిందేమో చూపించమని రాద్దామనుకున్నాను. రాత్రంతా ఆలోచిస్తే అర్థమైంది. ఇది సానపట్టేవాడి పని. బాపు ఎప్పుడో ఎవడికో సానకిచ్చి ఉంటాడు. వాడు మంచి బద్ద కాజేసి లేగ కొమ్ము బిగించి ఇచ్చాడు. బాపు అమాయకుడు, ఎదుటివాడి కళ్లల్లోకి చూసి అనుమానపడటం తెలియని మనిషి. ఎవడు మోసం చేసినా తెలుసుకునేవాడు కాదు.

కాబట్టి నువ్వు బావను ఆపొద్దు. వెతకమను. ఎంత దూరమైనా పొమ్మను, చార్జీలు నేను పెట్టుకుంటాను. మనవడి తల మీద దొంగ బద్ద పెట్టను. ఇన్నాళ్లూ నా చేతిలో ఉన్నది సగమే అని తెలిశాక నాకు నిద్ర పట్టడం లేదు.

నువ్వెందుకు వద్దంటున్నావో నాకు అర్థం కాలేదు. బావకు దమ్ము వస్తుందనా? అట్లయితే పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి రమ్మను.

నీ తమ్ముడు
రాయమల్లు


బెల్లంపల్లి,
19-12-1994

తమ్ముడు రాయమల్లుకు అక్క దీవెనలు.

దొరికింది. మందమర్రిలో ఒకాయన దగ్గర ఇట్లాంటిదే పాత కత్తి ఉంది. బాయి పని చేసే మనిషి, ఆయనకు కత్తితో పనిలేదు. మీ బావ పోయి అడిగితే మారు మాట్లాడకుండా పట్టకారు తెచ్చి, అక్కడే చీలలు ఊడదీసి బద్ద చేతిలో పెట్టాడట. బదులు ఏమీ తీసుకోలేదు.

ఇంటికి తెచ్చి పక్కన పెడితే రెండూ ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టున్నాయి. చీలల బెజ్జాలు కూడా కలిశాయి, కొత్తగా పొడవాల్సిన పని పడలేదు. మీ బావ మురిసిపోతున్నాడు. తెరిచి మూసి, తెరిచి మూసి, నా ప్రాణం తీస్తున్నాడు.

ఇంకొంచెం మెరుగు పెట్టాక పంపుతాం. చలి ముదిరింది, పిల్లవాడికి చెవులు కప్పండి.

సమ్మవ్వ


గోదావరిఖని,
27-12-1994

మా అక్క చల్లగుండాలె, మా బావ వెయ్యేళ్లు బతకాలె!

ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. కరీం భాయి అయితే "ఆ మనిషి ఎవలోగని రాయమల్లూ, నీకు సొంత తోడబుట్టినోడన్న గింత చెయ్యడు" అన్నాడు. నిజమే కదా! ముక్కూ మొహం తెలియని మనిషి, తన కత్తి పాడుచేసుకుని నా కత్తికి బద్ద ఇచ్చాడు. ఇవాళారేపు ఎవరిస్తారు? నువ్వేమో ఆయన పేరు కూడా రాయలేదు.

కరీం భాయి చేత ఎర్ర అంచు తువ్వాల పంపుతున్నాను. నువ్వే నీ చేత్తో ఆయన భుజం మీద కప్పు. ఇంకొక మాట. పుట్టెంట్రుకలు ఫిబ్రవరి అయిదు, ఆదివారం. మీరు ముందే రావాలి, వచ్చేటప్పుడు ఆయన్ను వెంట తీసుకురావాలి. నేను నా కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఇచ్చిన బద్దతో ఉన్న పెద్ద కత్తితోనే ఆయనకు గడ్డం గీస్తాను. ఇంటివాడికి గీసినట్టే గీస్తాను. ఈ మాట ఆయనకు చెప్పు.

బావ కుండ సిద్ధంగా ఉంది.

నీ తమ్ముడు
రాయమల్లు


బెల్లంపల్లి,
9-1-1995

తమ్మీ,

తువ్వాల కప్పాను. నీ ఉత్తరం చదవమన్నాడు, చదివాను. కత్తి మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. వస్తానన్నాడు. పేరు పోశం.

కత్తి కరీం భాయికి ఇచ్చి పంపాను. ఏమన్నా రాయాలనిపిస్తే మంగళవారం దాకా ఆగి రాయి.

అక్క


గోదావరిఖని,
17-1-1995

అక్కా,

ఈరోజు మంగళవారం. నువ్వన్నట్టే ఆగాను.

కత్తి శుక్రవారమే అందింది. బావ పనికి పేరు పెట్టడానికి లేదు. వెలుతురుకు పెట్టి చూస్తే రెండు బద్దల మధ్య వెంట్రుక దూరదు. షాపులో అందరూ చేతులు మార్చుకుని చూశారు. నా చేతికి తిరిగి వచ్చినప్పుడు కొత్త బద్ద మీద బొటనవేలు ఆనింది. అక్కడ చిన్న గుంట తగిలింది.

చుట్ట నిప్పు మచ్చ, అక్కా. గంజి మెతుకంత. దాని పక్కనే నేను భయపడి గోటితో గీకిన గీత కూడా ఉంది.

బాపు మచ్చ గీకేయలేదు. మచ్చ ఉన్న బద్దనే తీసేశాడు. సానపట్టేవాడు ఎవడూ లేడు. తాత కత్తి బద్ద మందమర్రిలో బాయి పనివాడి ఇంట్లో ఎందుకుంది? బావకు నేరుగా ఆ ఇల్లే ఎట్లా తెలిసింది? నువ్వు వెతకొద్దని ఎందుకన్నావు?

పోశం ఎవరు? ఈ ఒక్క మాటకు జవాబు రాయి.

రాయమల్లు


బెల్లంపల్లి,
23-1-1995

రాయమల్లూ,

ఇది నీకు మంగళవారమే చేరాలని సోమవారం పొద్దున్నే డబ్బాలో వేయకుండా, స్టేషనుకు పోయి మెయిలు బండికే ఇచ్చి వస్తున్నాను. చేరకపోతే షాపు మూశాకే విప్పు.

పోశం బాపు కొడుకు. నీకంటే రెండేళ్లు చిన్న. తల్లి మందమర్రిలో కూలి చేసేది, ఇప్పుడు లేదు. బాపు ఆదివారాలు పోయింది ఆ ఇంటికే.

ముందు తెలిసింది అవ్వకు. నాకు పెళ్లయి ఇటు వచ్చిన ఏడాదే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది, నీకు చెప్పొద్దని నెత్తి మీద ఒట్టు పెట్టించుకుంది. "వాడు పొద్దుందాక మంది గొంతుల మీద కత్తి వెట్టేటోడు బిడ్డా. వాని మనసు గదిలిందంటె చెయ్యి గదులుతది. ఎవలన్న సస్తె మనింట్ల దీపం ఉండది" అన్నది. చెప్పాలని నేను అనుకోకపోలేదు. నువ్వు కత్తి కింద పెట్టిందెప్పుడు, చెప్పడానికి? అవ్వ పోయింది, బాపు పోయాడు, అట్లాగే సాగిపోయింది.

నువ్వు అడగక ముందే ఇంకోటి రాస్తున్నాను, తర్వాత తెలిసి మళ్లీ నన్ను అడగకుండా. పోశం బాయిలోకి ఎక్కింది అరవై తొమ్మిదిలోనే. ఆ ఓవర్‌మన్ మాట మీదనే. ఒకరు కత్తి పట్టాలి, ఒకరు బాయికి పోవాలి అనుకున్నాడు బాపు. తూకం వేసినట్టు పంచాడు. తను కాలం చేసే ముందు ఇంకో కత్తి కొని, తాత పిడిని విప్పి చెరొక బద్ద వేసి, తక్కువపడిన వాటికి లేగ కొమ్ము బిగించాడు. ఇద్దరికీ ఇది తాత కత్తే అని చెప్పాడు. రెండింటిలో ఏ అంచు నిజంగా తాతదో మాకూ చెప్పలేదు.

పోశం పెళ్లికి మేము పోయాము. వేములవాడ మొక్కు అని నీకు రాసింది ఆ పెళ్లికే. మా కోళ్లను, ఇంటిని చూసుకోవడానికి అప్పుడు లస్మవ్వ వచ్చి ఉంది.

మచ్చ నేనూ చూశాను. గీకెయ్యమని మీ బావ కాళ్లు పట్టుకున్నాను. "గంత గీకుతె బద్ద పల్సనైతది, మల్ల చీలకు పగులుతది" అన్నాడు. ఆయనకు పని ఒక్కటే కనిపించింది. లేదా కావాలనే ఉంచాడో, అడిగితే నవ్వాడు.

పోశం నిన్ను ఏమీ అడగడం లేదు. "అన్న కత్తికి పెట్టున్రి, నాదెట్లన్న మూలకే ఉన్నది" అన్నాడు. నువ్వు రమ్మని రాసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ చెప్పుకుంటున్నాడట. ఆయన్ను రమ్మనాలా, వద్దనాలా? ఒక్క ముక్క రాయి. నీ ముక్క రాకపోతే మేము మాత్రం ఏ మొహంతో వస్తాం?

సమ్మవ్వ


గోదావరిఖని,
7-2-1995

సమ్మవ్వకు,

నువ్వు అడిగిన ముక్క రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ ఇస్త్రీ అంగీ గుర్తుకొచ్చింది. కొడుకు ఒక్కడే అన్న మాటకు నేను అంగీ విప్పాను. ఆ అంగీ ఇంకొకడు తొడుక్కున్నాడు. అది తొడిగింది బాపే. ఆదివారాలు నాకు షాపు అప్పగించాడని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన నాకు షాపు అప్పగించలేదు, నన్ను షాపులో కట్టేసి పోయాడు. చచ్చిపోయినవాడిని ఏమనగలను? నువ్వు బతికే ఉన్నావు. నా పెళ్లాం మీ కోళ్లకు నూకలు వేస్తుంటే నువ్వు అక్కడ తలంబ్రాలు పోశావు. తువ్వాల పంపితే తీసుకుపోయి కప్పావు. తోడబుట్టినవాడికంటే మిన్న అని నేను రాస్తే చదువుకుని ఊరుకున్నావు. షాపులో చదివి వినిపించానే, ఆ ఉత్తరం తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను ఇంతమంది కలిసి పిచ్చివాడిని చేశారు.

ఆదివారం మీరు రాలేదు. ఆయన వచ్చాడు.

కార్యం మధ్యాహ్నం కదా, పొద్దున షాపు తీశాను. పొద్దుటి బండి దిగి నేరుగా షాపుకే వచ్చాడు. ఎర్ర అంచు తువ్వాల భుజం మీద ఉంది. గుమ్మం బయట చెప్పులు విడిచాడు. మంగలి షాపు ముందు చెప్పులు విడిచిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నుదుటి మీద బొగ్గు గాట్లు నీలంగా ఉన్నాయి. పేరు చెప్పబోతే అవసరం లేదన్నాను. కూర్చోమన్నాను. కూర్చుని తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక నిలబడి తల చూశాను. సుడి ఎడమకు తిరిగి ఉంది, దాని పక్కన ఇంకో చిన్న సుడి. బాపు తల దువ్విన చేతులివి, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెద్ద కత్తి అద్దం పక్కన మేకుకు వేలాడుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. నేను కొత్త బ్లేడు పొట్లం చింపి, సగానికి విరిచి, రేకు కత్తిలో పెట్టాను.

"పెద్ద కత్తితోని గీస్తనని రాసినవట గదన్నా" అన్నాడు.

"అది ఇంటోళ్లకు" అన్నాను.

అద్దంలో నా మొహం చూశాడు. "మంచిదే" అని గడ్డం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు.

గీశాను. ఒకటికి రెండు సార్లు గీశాను, నున్నగా. లేచి నీళ్లతో మొహం కడుక్కుని, తన అంగీ కొసతో తుడుచుకున్నాడు. మేకు మీది కత్తిని ముట్టుకోకుండా దగ్గరికి పోయి చూశాడు. "జోడు మంచిగ కుదిరింది. బావ పని బావదే" అన్నాడు. చెప్పులు తొడుక్కుని స్టేషను వైపే నడిచాడు. ఇంటి దారి అడగలేదు, నేను చెప్పలేదు. నేను తిరిగి చూసేసరికి తువ్వాల మడత పెట్టి కుర్చీ మీద ఉంది.

మధ్యాహ్నం మేనమామ కత్తెర పెట్టాక అందరూ పెద్ద కత్తి ఏదన్నారు. తీసి తెరిచాను. నా బొటనవేలు పోయి ఆ మచ్చ మీదే ఆనింది. మూసేశాను. మనవడికి రేకు కత్తితోనే గీశాను, బయటివాళ్ల పిల్లలకు గీసినట్టు. ఇంటివాళ్లకని ఆయనకు చెప్పి తప్పించాను, తీరా నా ఇంటివాడు తల వంచితే దాన్ని పట్టుకోలేకపోయాను. లస్మవ్వ ఏమైందని అడిగింది. ఇంకా చెప్పలేదు.

కత్తి ట్రంకులో పెట్టాను. తువ్వాల ఉతికి ఆరేశాను, ఎవరిదని దాచాలో తెలియడం లేదు.

అవ్వ నీతో ఒట్టు పెట్టించుకున్న మాట గురించే ఇంకొకటి రాసి ముగిస్తాను. ఆయన నా కుర్చీలో తల వెనక్కి వాల్చి గొంతు ఇచ్చినప్పుడు నాకు అంతా తెలుసు. ఆయన ఎవరో తెలుసు, ఏం తీసుకున్నాడో తెలుసు, మీరు ఏం చేశారో తెలుసు. కత్తి నా చేతిలోనే ఉంది. చెయ్యి కదలలేదు. ఒక్క గాటు పడలేదు. ఇరవై అయిదేళ్ల కింద చెప్పినా పడేది కాదు, అక్కా.

రాయమల్లు